ఎదురు రాని వాళ్ళు

"తెల్లారకముందే లేచి పోదామక్కా. పిల్ల నిద్రలో ఉంటది. అది లేచి చూసేలోపల మనం ఓడలో ఉంటాం."

"నేనీడికి దొంగతనానికి రాలేదు."

"దొంగతనమని ఎవరన్నారు? పిల్ల ఏడవకూడదనే గదా నేను చెప్పేది."

"ఏడిస్తే ఏడవనీ. తల్లి పోయినప్పుడు ఏడవాల్సింది. అప్పుడు తెలివి లేక ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తది."

"దాని ఏడుపు గాదు నా భయం. అది నీ కొంగు పట్టుకుంటే నువ్వు ఓడెక్కవు. లేకుంటే పిల్లను సంకనేసుకుని ఎక్కుతావు. రెండిట్లో ఏది చేసినా అల్లుడి ముందర నేను తలెత్తలేను."

"నీ తల సంగతి నాకెందుకురా? నేను దానికి చెప్పే పోతా. ఇన్నేండ్లు అబద్ధం చెప్పకుండా పెంచినా. కడకు అబద్ధం చేసి పోవాల్నా?"

"అందుకే నిన్ను మనూర్లో మార్కాపురం పలక అనేది. పగుల్తావు గాని వంగవు."

"పగిలితే ఎత్తి బయట పారెయ్. ఇప్పుడు పో, అన్నం తిను. చల్లారితే మళ్ళీ పొయ్యి అంటించేదాన్ని గాదు నేను."

ఇది సముద్రానికి అవతల, పినాంగు పట్నంలో, మా అల్లుడి అంగడి మీది మిద్దెగదిలో, దీపాలు పెట్టే వేళ నాకూ నా తమ్ముడికీ జరిగిన పోట్లాట. మరుసటి రోజు పొద్దునే మా ఓడ. నా కూతురి బిడ్డను, ఏడేళ్ళదాన్ని, దాని తండ్రి దగ్గర వదిలిపెట్టి మేమిద్దరం తిరిగి ఊరికి పోవాలి. వదిలిపెట్టడానికే సముద్రం దాటి వచ్చాము. అయినా ఆ సాయంత్రం దాకా ఆ మాట పిల్లతో ఎవరమూ అనలేదు.

మా అల్లుడు మా వాళ్ళలోని వాడే. అతని తండ్రి కాలంలోనే పినాంగు పోయి అంగడి పెట్టుకున్నారు. నా కూతురు పురుటికని మార్కాపురం వచ్చింది. పురుడు బాగానే జరిగింది. మూడో నెలలో జ్వరం తగిలి, గిద్దలూరు డాక్టరు వచ్చేలోపలే పోయింది. అల్లుడు వచ్చి, బిడ్డను చూసి, "ఉండనీ అత్తా, నీ దగ్గరే ఉండనీ" అని ఏడ్చి పోయాడు. నేను అప్పటికే భర్త పోయినదాన్ని. బజారులో పప్పులు, బెల్లం అమ్మే చిన్న అంగడి ఉండేది. గల్లా పెట్టె పక్కన గోనెసంచి పరిచి పిల్లను పడుకోబెట్టి పెంచాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చి, మా జిల్లా ఊరు కర్నూలే రాజధాని అయిన కొత్తలో అల్లుడి దగ్గరనుంచి కబురు వచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఇల్లు కుదుటపడింది, బిడ్డను తెచ్చుకుంటానన్నాడు. కబురు మోసుకొచ్చిన వాడు నా తమ్ముడే. గిద్దలూరులో గుడ్డల అంగడి వాడిది. వాడు చెప్పిందీ తప్పు కాదు. "నువ్వెన్నాళ్ళుంటావక్కా? రేపు నువ్వు లేకుంటే తండ్రి ఉండి కూడా తండ్రి లేని పిల్లయితది. దాని చెయ్యి పట్టి ఒకరికిచ్చేదెవరు?" నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడోరోజు నేనే దాన్ని తీసుకుపోతానన్నాను. ఎవరి చేతికో ఇచ్చి పంపడం నాకు ఇష్టం లేదు. ఎవరి చేతిలో పెడుతున్నానో నా కళ్ళతో చూడాలి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరైనా పని మీద గడప దాటేటప్పుడు ముత్తైదువ ఎదురు వస్తే మంచిదని, నాలాంటిది ఎదురు పడితే కీడని మా వాళ్ళకు గట్టి నమ్మకం. ఎవరూ నాకు చెప్పనక్కర లేకపోయింది. భర్త పోయిన ఏడాదినుంచి నాకు నేనే అలవాటు చేసుకున్నాను. పిల్ల బడికి బయలుదేరే వేళకు ఎదురింటి ఆమె నీళ్ళ బిందెతో వీధిలోకి వచ్చేది. నేను వంటింటి తలుపు వెనక నిలబడేదాన్ని. పలక సంచి గోడకు తగులుతూ పోయే చప్పుడు దూరమయ్యాక బయటికి వచ్చేదాన్ని. పోయేవాళ్ళను వెనకనుంచి పిలవకూడదు కాబట్టి పిలిచేదాన్ని కూడా కాదు. అట్లా ఆ పిల్ల ఏ రోజూ నా ముఖం చూసి బడికి పోలేదు.

దూర ప్రయాణం. ఓడకు కావలసిన పాసు కాగితాలు మద్రాసులో కుదరడానికి కొన్నాళ్ళు పడుతుంది కాబట్టి దారిలో తెలిసిన వాళ్ళ ఇళ్ళలో దిగుతూ పోవాలని తమ్ముడు నిర్ణయించాడు. హోటలు మాట ఎత్తితే నేను ఒప్పుకోనని వాడికి తెలుసు. జొన్నపేలాల పిండి, బెల్లం, కందిపొడి, చింతకాయ తొక్కు, రెండు చెంబులు కట్టుకున్నాను. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కేముందు పిల్లకు కొత్త గౌను కుట్టించమని తమ్ముడు గొణిగాడు. ఉన్న మూడూ చిరగలేదని చెప్పాను. గౌను కొత్తదైతే తండ్రికి పిల్ల కొత్తదవుతుందా?

మొదట గుంటూరులో దిగాము. అక్కడ మా పినతల్లి కూతురు, నాకు చెల్లెలు. వాళ్ళాయన మిరపకాయల వ్యాపారం. ఇల్లంతా మిరప ఘాటు. మా పిల్ల తుమ్ముతూనే ఉంది. చెల్లెలు నవ్వి, "మీ మార్కాపురం దుమ్ముకు తుమ్మని పిల్ల మా మిరపకాయకు తుమ్ముతున్నదే" అంది. పలకల గనుల దుమ్ములో పెరిగిన పిల్లని దాని ఎగతాళి.

రెండోరోజు పొద్దున మా మరిది మార్కెట్టుకు బయలుదేరుతుంటే నేను లేచి వంటింట్లోకి పోయి, వడ్ల గాదె పక్కన తలుపు వెనక నిలబడ్డాను. పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇంటి దగ్గర ఎప్పుడూ గడప దాటి పోయేది అదే. అందుకని నేను లోపల ఏం చేస్తానో చూడటం దానికి అదే మొదటిసారి.

"ఎవరి మీద అలిగినావవ్వా?"

"అలగడమేంది? ప్రయాణం పోయేవాళ్ళ మంచి కోరితే నేను లోపలుండాల. కనపడకూడదు."

"నేను బడికి పోయేటప్పుడు గూడా ఇట్లనే ఉంటావా?"

"నువ్వు పోయేటప్పుడు మరీను."

"రోజూ పొయ్యేటప్పుడు నువ్వు కనపడకుంటే, నీకు నా మీద ఇష్టం లేదనుకున్నా" అంది.

"పిచ్చిదానా. ఇష్టముండబట్టే." ఇంతకంటే ఎక్కువ చెప్పే అలవాటు నాకు లేదు. అది మాత్రం ఆ రోజంతా ఎగురుతూ తిరిగింది. చెల్లెలి మనవడితో, "మా అవ్వ నాకోసం దినామూ తలుపెనక నిలబడతది" అని గొప్పగా చెప్పడం విన్నాను.

గుంటూరునుంచి మద్రాసు. చిన్నప్పుడు గిద్దలూరులో మా పక్కింట్లో ఉండి, నాతో కలిసి మూడో తరగతి దాకా చదివిన నా స్నేహితురాలు మద్రాసులో తెలుగు వ్యాపారులుండే వీధిలో ఒక ఇంటి సగం అద్దెకు తీసుకుని ఉండేది. చదువు మానిపించిన రోజు మేమిద్దరం కలిసి ఏడ్చినవాళ్ళం. దాని భర్త ఒక కిరాణా గిడ్డంగిలో గుమాస్తా. ఆయనకు పొద్దున లేచింది మొదలు మద్రాసు మనకు రాలేదని ఒకటే బాధ. "కర్నూలులో గుడారాలేసుకుని కచ్చేరీలు పెట్టుకున్నారంటనే వదినా, నిజమేనా?" అని నన్నే అడిగేవాడు, నేనేదో ప్రభుత్వం నడుపుతున్నట్టు. "నాకు కందిపప్పు ధర తెలుసు. గుడారాల సంగతి తెలియదు" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు.

పాసుల కోసం తమ్ముడు రోజూ కచ్చేరీకి తిరిగేవాడు. నేనూ నా స్నేహితురాలూ కూరలు తరుగుతూ కూర్చునేవాళ్ళం. దానికి నోరు ఆగదు.

"ఎందుకిచ్చేస్తన్నావే పిల్లను? వాడు రెండోదాన్ని తెచ్చుకున్నాడు. రేపు దానికి బిడ్డలు పుడితే ఇది నీళ్ళు మోసేదవుతది."

"అది వాడి బిడ్డ."

"నీ బిడ్డ గాదా?"

"నేను పెంచినా. అంతే."

"నీ గొంతులో ఆ 'అంతే' ఎట్ల పలికిందో నాకు తెలుసు లేవే. నా దగ్గర గట్టిగా ఉండబాక."

వంకాయల తొడిమలు పారేయకుండా పక్కన పెట్టుకున్నాను. వాటితో కూడా పచ్చడి అవుతుంది. నా లోపల ఏముందో అప్పుడు దానికి చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ రెండో భార్య గయ్యాళిదై ఉండాలని రోజూ కోరుకున్నాను. ఆమె ఒక్క చెడ్డ మాట అంటే చాలు, పిల్లను చంకనెత్తుకుని అదే ఓడలో తిరిగి రావచ్చు. ఎవరూ నన్ను తప్పు పట్టరు. తమ్ముడు కూడా నోరెత్తలేడు. ఆ ఆశ ఒకటి మూటలో దాచుకుని సముద్రం దాటాను.

ఆ ఇంట్లో కూడా ఆయన గిడ్డంగికి పోయేటప్పుడు నేను లోపలికి పోయేదాన్ని. నా స్నేహితురాలికి కోపం. "ఇది మద్రాసే. వీధి చివరకు పోయేలోపల వందమంది ఎదురొస్తారు. అందులో ఎవతె ముత్తైదువో ఎవతె గాదో ఎవడు చూస్తాడు? రా, బయటికి రా." నేను కదల్లేదు. ఒకరోజు చూస్తే మా పిల్ల కూడా వచ్చి నా వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కాలి పట్టీల మువ్వలు మోగకుండా ఒంగి రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నువ్వు కన్నెపిల్లవే. నువ్వు ఎదురు పోతే మంచిదే గాని కీడు లేదు. పో బయటికి."

"గిడ్డంగి తాత పోతన్నాడు గదా. నాకూ తాత మంచి కావాల."

నా స్నేహితురాలు పొట్ట పట్టుకుని నవ్వింది. "చూడవే, నీ పాఠం ఎంత బాగా వచ్చిందో. ఇద్దరూ కలిసి తలుపెనక కాపురం పెట్టండి." నేను కూడా నవ్వినట్టున్నాను. పిల్లను ఇంకొకసారి కూర్చోబెట్టి, ఇది నాలాంటి వాళ్ళకే గాని అందరికీ కాదని విడమరచి చెప్పలేదు. ముత్తైదువ అంటే ఏంది, నేను ఎందుకు కాదు అని అడుగుతుంది. ఆ మాటలు దానికి చెప్పబుద్ధి కాలేదు.

హార్బరుకు పోయేరోజు నా స్నేహితురాలు పసుపు కుంకుమలతో ఎదురు వచ్చింది. నేను పిల్లను, తమ్ముడిని ముందర పంపించి, పెరటి సందులోనుంచి తిరిగి పోయి వీధి మలుపులో రిక్షా ఎక్కాను. నా స్నేహితురాలు గడపలో నిలబడి ఏడుస్తూ ఉండటం మలుపునుంచి కనపడింది.

ఓడలో డెక్కు మీద పడక. నాగపట్నంలో ఒకరోజు ఆగి, ఇంకా జనాన్ని ఎక్కించుకుంది. తమ్ముడు నాలుగురోజులు తల ఎత్తలేదు, అంతా కక్కుకున్నాడు. నేనూ పిల్లా పేలాల పిండి తిని బాగానే ఉన్నాము. నీళ్ళు తప్ప ఏమీ లేని చోట పిల్ల అడిగింది, "అవ్వా, ఇన్ని నీళ్ళుంటే మన కొమరోలు దిక్కు వానల్లేవని ఎందుకేడుస్తారు?" ఉప్పునీళ్ళని చెప్పాను. తాడు కట్టిన చెంబుతో తోడించి నాలుకకు పెట్టుకుని ఉమ్మేసి, "పాపం" అంది. ఎవరు పాపమో చెప్పలేదు.

పినాంగు రేవులో అల్లుడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. పిల్లను చూసి దగ్గరికి రావడానికి భయపడ్డాడు. వాళ్ళమ్మ ముఖమే దానిది. మా వాళ్ళలో అత్త అల్లుడికి ఎదురుగా నిలబడి మాట్లాడదు కాబట్టి నేను తమ్ముడి వెనక నిలబడి, "నాయన కాళ్ళకు మొక్కు" అని పిల్లను ముందుకు తోశాను. అది మొక్కింది. అతను అక్కడే రేవులో, కూలీలూ పోలీసులూ చూస్తుండగా, కూర్చుండిపోయి ఏడ్చాడు.

అంగడిలో పిల్లలకు కావలసిన పుస్తకాలు, సిరాబుడ్లు, పలకలు. పలకలు మా ఊరివే. చెక్క చట్రం వేసి, వరిగడ్డి మధ్య పేర్చి ఉన్నాయి. పిల్ల ఒకటి తీసి వాసన చూసింది. "అవ్వా, మన ఊరి పలకలు మనకంటే ముందే వచ్చినాయే" అంది. ఇక ఆ అంగడి దానికి కొత్త కాలేదు.

ఆ రెండో భార్య అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు వచ్చీరానట్టు మాట్లాడుతుంది. మొదటి భార్య తల్లిని తన తల్లిగా చూసుకోవాలని ఎవరో చెప్పి ఉంటారు. మెట్ల దగ్గరే నా కాళ్ళకు దండం పెట్టి, "అమ్మా, బాగా వచ్చినారా?" అంది. నేను చెడు వెతుకుతూనే ఉన్నాను. అన్నం ఎక్కువ వండుతుందా అని చూశాను, మిగిలింది పొద్దునకు పులిహోర చేసింది. కసురుతుందా అని చూశాను. పిల్ల సిరాబుడ్డి పగలగొట్టిన రోజు, "కాలికి గుచ్చుకోలేదు కదా" అని అరికాళ్ళు చూసింది. నేనైతే ముందు ఒకటి వేసి తర్వాత చూసేదాన్ని.

ఒకనాడు పిల్ల దువ్వెన పట్టుకుని గదిలోకి వచ్చింది. నేను చేయి చాపాను. అది నన్ను దాటుకుని పోయి ఆమె ముందర కూర్చుంది. "అవ్వ చిక్కు తీస్తే నొప్పి. పిన్ని తీస్తే నొప్పి లేదు" అంది. ఆమె నావైపు చూసి, "అమ్మా, మీరు వేయండి" అని దువ్వెన ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు. ఆ రోజే నా మూటలో దాచుకున్న ఆశ అయిపోయింది. దాన్ని తీసుకుపోవడానికి నాకు ఒక్క కారణం కూడా మిగలలేదు.

మా పాసు గడువు తీరింది. అప్పుడే పైన చెప్పిన పోట్లాట.

తమ్ముడు అన్నానికి కిందికి పోయాక పిల్లను పిలిచి ముందర కూర్చోబెట్టుకున్నాను.

"రేపు పొద్దున నేనూ తాతా ఊరికి పోతాం. నువ్వు ఈడ నాయన దగ్గరుండాల."

"ఎన్నాళ్ళు?"

"ఇంక ఈడనే."

అది ఏడుస్తుందని కొంగు సిద్ధంగా పెట్టుకున్నాను. ఏడవలేదు. పలక మీద ఏదో గీసి చేత్తో తుడిచింది.

"ఓడ మునగదు గదా అవ్వా?"

"వచ్చేటప్పుడు మునిగిందా?"

"పొద్దున ఎప్పుడు పోతావు?"

"కాఫీలు తాగి."

"సరే" అంది. నా పక్కనే చాప వేసుకుని పడుకుంది. నా చీర చెంగు గుప్పిట పట్టుకుని నిద్రపోయింది. తమ్ముడు చెప్పినట్టు అది రేపు కొంగు పట్టుకుంటే ఏం చేస్తానో నాకే తెలియలేదు. పట్టుకోవాలనే ఉంది.

మరుసటి పొద్దున లేచేసరికి పక్కన చాప ఖాళీగా ఉంది. చాప మీద దాని పట్టీలు రెండూ విప్పి పెట్టి ఉన్నాయి. స్నానం చేసి మూట కట్టుకున్నాను. మిద్దె మీద, కింద అంగడిలో, వీధి వాకిట్లో చూశాను. పిల్ల లేదు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. "ఎక్కడో ఆడుకుంటున్నట్టుంది. మంచిదే అయింది, పద" అన్నాడు తమ్ముడు. నిన్న చెప్పిన మాటకు కోపం వచ్చి నా ముఖం చూడకూడదనుకుందని నేను అనుకున్నాను. మిద్దె మీద నీళ్ళ తొట్టి దగ్గర కాఫీ గ్లాసు కడిగి బోర్లించాను. కడిగిందాన్నే మళ్ళీ కడిగాను. వీధిలో రిక్షావాడు గంట కొడుతున్నాడు.

అల్లుడు మూట అందుకున్నాడు. అతని భార్య నిండు బిందె పట్టుకుని వీధిలోనుంచి ఎదురు వచ్చింది. గడప దాటబోతూ, చూడకూడదని తెలిసీ, వెనక్కు తిరిగి చూశాను. అంగడి వెనక వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది. తలుపు కింది సందులో రెండు చిన్న పాదాలు, పట్టీలు లేకుండా, వేళ్ళు ముడుచుకుని, గోడకు ఆనుకుని ఉన్నాయి. కదలడం లేదు.

పిలిస్తే వచ్చేది. పిలవలేదు. గడప దాటి రిక్షా ఎక్కాను. తమ్ముడు పక్కన కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ ఇంట్లోనుంచి ఎవరూ నన్ను వెనకనుంచి పిలవలేదు. రేవు చేరేసరికి ఇంకా ఎండ రాలేదు. డెక్కు మీద నీడ ఉన్న చోటు చూసి తమ్ముడు చాప పరిచాడు. కొంచెం సేపటికి ఓడ కదిలింది.